ఖాళీలతో కలిపి అయిదు వందల అక్షరాలు

శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ అయిన కుర్రాడికి ఇన్నాళ్లూ మూడే దారులు. డీఎస్సీ కోచింగు, ఆర్మీ రన్నింగు, హైదరాబాద్ బస్సు. ఈ మధ్య నాలుగోది తెరుచుకుంది. గ్రాంట్ రైటింగ్. మా మేనల్లుడు ఆ దారి పట్టి నలభై రోజులైంది. నిరుద్యోగ యువతకి పనికొస్తుందని వాడి అనుభవాన్ని ఇక్కడ భద్రపరుస్తున్నాను.

"అంటే ఏం చేస్తార్రా?" అన్నాను.

"డబ్బులున్న సంస్థలకి, డబ్బులు లేని సంస్థల తరఫున ప్రపోజల్ రాస్తాం మావయ్యా."

అర్జీ అన్నమాట. మా చిన్నప్పుడు తాలూకాఫీసు ముందు చెట్టు కింద చెక్కపెట్టె పెట్టుకుని ఒకాయన రాసేవాడు. "తమరి దివ్యసముఖమునకు" అని ఎత్తుకుని, "తమరి దయ" అని దించేవాడు. మధ్యలో విషయం రెండు ముక్కలు. కొత్త అర్జీలో దయ నిషిద్ధం. దాని చోట ఇంపాక్ట్ ఉండాలి. విషయం ఉండకపోయినా పరవాలేదు.

వాడికి దొరికిన మొదటి బేరం ఉద్దానంలో కవిటి వైపు ఒక చిన్న సొసైటీ. కార్యదర్శి రిటైరైన మాస్టారు. ఆస్తి ఒక పాత ఆటో. కార్యక్రమం ఏమిటంటే, కిడ్నీలు పోయిన తొమ్మిది మందిని వంతుల వారీగా సోంపేట డయాలిసిస్ సెంటరుకి తీసుకెళ్లడం, నాలుగు గంటలు మిషను మీద ఉంటారు కాబట్టి అక్కడే చెట్టు కింద కాసుక్కూర్చోవడం, మళ్లీ తెచ్చి ఇళ్ల దగ్గర దింపడం. అంతకు మించి ఆ సొసైటీకి ఆశయాలేమీ లేవు. డీజిలు, డ్రైవరు కూలి, రిపేర్లు కలిపి నెలకి పదహారు వేలు. ఏడాదికి లక్షా తొంభై రెండు వేలు. అదీ వాళ్లకి కావలసింది.

వాడు ఒక కంపెనీవారి పోర్టల్ తెరిచాడు. మొదటి గడి: "సమస్యను వివరించండి. 500 అక్షరాలు మించరాదు, ఖాళీలతో కలిపి."

ఖాళీలతో కలిపి! నాకు అప్పట్నుంచీ నిద్ర లేదు. ఉద్దానంలో ఖాళీలు లెక్కపెట్టడం మొదలుపెడితే అయిదు వందలు ఎక్కడ చాల్తాయి? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఊడ్చి వెళ్లిన కొబ్బరి తోటల్లో ఒక ఖాళీ. కుర్రాళ్లు చెన్నైకి, మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్‌కి పోయాక ఇళ్లల్లో ఇంకో ఖాళీ. మందులకి పుస్తెలతాడు కుదవపెట్టిన మెడలో ఖాళీ. సరే, పోర్టల్‌వారి ఉద్దేశం ఇవి కావు. పదానికీ పదానికీ మధ్య జాగా. దాన్ని కూడా పొదుపుగా వాడమంటున్నారు.

మేనల్లుడు మొదట తెలుగులో రాశాడు. మాస్టారు చదివి సంతకం పెట్టాలి కదా. అక్కడ ఇంకో వింత బయటపడింది. "శ్రీకాకుళం" అంటే మనకి నాలుగక్షరాలు. కంప్యూటరుకి పది. వత్తుకొకటి, గుడికొకటి, సున్నాకొకటి పట్టుకుంటుంది. "కిడ్నీ" మనకి రెండు, దానికి ఆరు. ఇంటిపన్నులో గుమ్మానికీ కిటికీకీ విడిగా కట్టించుకున్నట్టు. "దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి" అని ఒక్కసారి రాసేసరికి మాస్టారికి చెమట పట్టింది.

"ఆ దీర్ఘాలు తీసీ బాబూ, అందరికీ తెలిసిన జబ్బే కదేటి," అన్నారాయన.

అసలు ఆ జబ్బు గురించి ఏం రాయాలి? ఎందుకొస్తోందో ఇప్పటికీ ఎవరూ తేల్చి చెప్పలేదు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, నొప్పి మాత్రలన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోవడం అన్నారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. ఇన్నేళ్ల పరిశోధనకి దొరకని కారణం మావాడు గడిలో, ఖాళీలతో కలిపి, తేల్చాలి. ఎందుకంటే రెండో గడి: "మూలకారణం ఏమిటి? 250 అక్షరాలు."

ఇక్కడ ఔత్సాహికులకి చట్టపరమైన పరిజ్ఞానం కొంత అవసరం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నికర విలువ 500 కోట్లో, టర్నోవరు వెయ్యి కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి (సీఎస్ఆర్) ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ముందు తమ చుట్టుపక్కల ప్రాంతాలు చూడమని కూడా ఆ చట్టమే చెప్తుంది. బాగానే ఉంది. ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం జిల్లాకి ఆ చివర, కవిటి ఈ చివర. ఉద్దానంలో ఉన్న పరిశ్రమలు జీడిపప్పు, కొబ్బరి, వలస. టర్నోవరు ఉన్నది మూడోదానికే గానీ దానికి బోర్డు ఆఫ్ డైరెక్టర్లు లేరు.

పైగా కంపెనీ డబ్బు ముట్టుకోవాలంటే సొసైటీకి ఆదాయపు పన్నువారి 12ఏ, 80జీ, కంపెనీల శాఖవారి సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్లు ఉండాలి. పోనీ విదేశీ డబ్బు? దానికి ఎఫ్‌సీఆర్ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం. 2020 సవరణల తర్వాత ఖాతా ఢిల్లీ పార్లమెంటు వీధి స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలోనే ఉండాలి. పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. రిజిస్ట్రేషను కావాలంటే గత మూడేళ్లలో కనీసం 15 లక్షలు అప్పటికే సేవకి ఖర్చుపెట్టి ఉండాలి. ఈ చివరి ముక్క విని మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పదిహేను లచ్చలు నా దగ్గరుంటే ఈలని అడగడం ఎందుకు బాబూ?" అన్నారు. ఆయనకి అభివృద్ధి రంగం అర్థం కాదు.

అసలు మజా బడ్జెట్ గడిలో ఉంది. "కనీస అభ్యర్థన: 25 లక్షలు." మాకు కావలసింది 1,92,000. మిగతా 23,08,000 ఎలా తగలెయ్యాలన్నది గ్రాంట్ రైటరు ప్రతిభకి గీటురాయి. మావాడు రెండు రాత్రులు మేలుకున్నాడు. బేస్‌లైన్ సర్వే. ఎండ్‌లైన్ సర్వే. మధ్యలో సర్వే లేకపోతే బోసిగా ఉంటుందని మిడ్‌లైన్. విశాఖపట్నం హోటల్లో "భాగస్వాముల" వర్క్‌షాపు, రెండు రోజులు, బిర్యానీతో. ఆటో ఎక్కడుందో చూపించే యాప్. అది సోంపేటలో ఉంటుంది, లేకపోతే ఇంటి దగ్గర ఉంటుంది, ఊరందరికీ తెలుసు. అయినా యాప్. యాప్ వాడటం నేర్పే శిక్షణ. శిక్షణకి ఫ్లెక్సీ. ఇంతా చేసి లెక్క చూస్తే డీజిలు ఎగిరిపోయింది. పోర్టల్ నిబంధన: "రోజువారీ నిర్వహణ ఖర్చులు అనుమతించబడవు."

అంటే పాతిక లక్షలిస్తారు. ఆటో కదలకూడదు.

"మీ ప్రాజెక్టులో నవ్యత ఏమిటి?" అని ఇంకో గడి. మాస్టారు ఆలోచించి, "ఆరుగురెక్కే ఆటోలో తొమ్మండుగురిని ఎక్కించినాం ఓసారి, ఆ వానలప్పుడు," అన్నారు. మావాడు దాన్ని "సామర్థ్య వినియోగంలో వినూత్న విధానం" అని రాశాడు. వాడికి ఈ వృత్తిలో భవిష్యత్తు ఉంది.

సూచికలు కావాలన్నారు, కొలవగలిగేవి. వీధరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మని అడిగాడు: "అమ్మా, డయాలిసిస్‌కి ముందూ తర్వాతా నీ జీవన నాణ్యతని ఒకటి నుంచి అయిదు దాకా వేస్తే ఎంత?" ఆవిడ వీడి మొహం చూసింది, కాళ్లు చాపి చూపించింది. "ఎల్లినప్పుడు సెప్పులు పట్టవు బావూ. వొచ్చినప్పుడు వొదులైపోతాయి." పట్టీ దగ్గర పిన్నీసు పెట్టి ఉంది, వెళ్లేటప్పుడు తీసి, వచ్చేటప్పుడు గుచ్చుకోడానికి. ఇంతకంటే కొలవగలిగే సూచిక ఏ విశ్వవిద్యాలయం కనిపెట్టింది? కానీ గడిలో "చెప్పుల వదులు" లేదు. డ్రాప్‌డౌన్‌లో ఉన్నవి సాధికారత, అవగాహన, ప్రవర్తనలో మార్పు. మావాడు అవగాహన నొక్కాడు. ఆవిడ తన రక్తంలో, కిడ్నీల పరిస్థితి చెప్పే క్రియాటినిన్ ఎంతో పైసా తేడా లేకుండా చెప్తుంది. ఇంకా ఏం అవగాహన కావాలో నాకు తెలీదు.

ఈ గడుల వెనకున్న మూలవిరాట్టు లాగ్‌ఫ్రేమ్. 1969లో అమెరికా సర్కారు సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ కోసం తయారుచేశారు. లక్ష్యం, ఫలితం, సూచిక, ఊహలు అని నిలువుగా అడ్డంగా గళ్లు. ప్రపంచంలో దరిద్రులందరినీ యాభై ఏళ్లుగా ఆ గళ్లలోనే పడుకోబెడుతున్నారు. ఆ యూఎస్ఎయిడ్‌కే 2025 జనవరిలో నిధులు ఆపేశారు, జూలైకల్లా దుకాణం కట్టేశారు. "ఊహలు" అనే గడిలో అది రాసుకున్నారో లేదో.

చివరి గడి దగ్గర మావాడు ఆగిపోయి నాకు ఫోన్ చేశాడు. "ఎగ్జిట్ స్ట్రాటజీ మావయ్యా. పన్నెండు నెలల తర్వాత దాత తప్పుకున్నాక ఈ కార్యక్రమం దానంతట అది ఎలా నిలబడుతుందో రాయాలి."

ఎలా నిలబడుతుంది? డయాలిసిస్ ఆపితే మనిషి ఎన్నాళ్లుంటాడో ఆ గడి పెట్టినవాడికి తెలీదా? రెండు మూడు వారాలు, అదీ అదృష్టం బాగుంటే. వీళ్లది ఒకటే ఎగ్జిట్, దానికి స్ట్రాటజీ అక్కర్లేదు, ఊరి చివర స్మశానం ఉంది. స్వయంసమృద్ధి కావాలట! కిడ్నీలు చచ్చినవాడు స్వయంసమృద్ధి ఎలా సాధిస్తాడురా? అప్పడాలు అమ్మి డీజిలు పోయించుకోవాలా? ఎంతమంది వచ్చారో ఆ ఊళ్లకి, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయారు, సిరంజీల్లో రక్తం పట్టుకుపోయారు, పేర్లు రాసుకుపోయారు. "నా రగతంలో ఏటున్నాదో నాకు సెప్పినోడు లేడు" అంటాడు అక్కడ ఏ రోగిని కదిపినా. తీసుకుపోయిన ఆ రక్తానికి ఎవడైనా ఎగ్జిట్ స్ట్రాటజీ అడిగాడా?

క్షమించాలి. కెరీర్ గురించి కదా మాట్లాడుకుంటున్నాం.

జీతం సంగతి. మావాడు ఇంకో పెద్ద సంస్థకి దరఖాస్తు పెడితే, జీతం ఉండదు, వచ్చిన గ్రాంటులో 5 శాతం ఇస్తామన్నారు. అమెరికాలో గ్రాంట్ రైటర్ల సంఘం నియమావళి ఈ శాతాల బేరం తప్పంటుంది; పనికి ఇంతని తీసుకోమంటుంది. మన దగ్గర ఆ శాతాల బేరాన్నే స్ఫూర్తి అంటారు. మాస్టారు అడిగిన 1,92,000 మీద లెక్కేస్తే 9,600 వస్తుంది. నలభై రోజులకి. అదీ వస్తే. చెట్టు కింద చెక్కపెట్టె ఆయన అర్జీ రాయగానే చేతిలో డబ్బు పడేది, కలెక్టరు సంతకం పెట్టేదాకా ఆగేవాడు కాదు.

ఎలాగైతేనేం సమస్య గడి పూర్తయింది. ఇంగ్లీషులో కోసి కోసి, "సార్, దయచేసి" తీసేసి, ఊరి పేరు తీసేసి, రెండు వాక్యాల మధ్య చుక్క తర్వాత జాగా కూడా పీకేసి, సరిగ్గా 500కి తెచ్చాడు. లబ్ధిదారులు 9 మంది అన్న ముక్క అందులోనే ఉంది. గడువు ఆ అర్ధరాత్రి.

సాయంత్రం మాస్టారి ఫోను. "బాబూ, ఆ తొమ్మిది కొట్టేసి ఎనిమిదని రాసీ."

మావాడు అంకె మార్చి కింద చూశాడు. 500. ఖాళీలతో కలిపి.