స్టాకుకు చోటు లేదంట!

తోతాపురి సీజను. చిత్తూరులో ఒక మామిడి మండీ. గేటు బయట ట్రాక్టర్ల వరస, లోపల ఎక్సెల్ ముందు కుర్ర గుమాస్తా. ఫైల్లో మూడు మాక్రోలు, అంటే ఒక్క నొక్కుకే ఎక్సెల్ చేసిపెట్టేలా రాసుకున్న పనులు: తూకం, కమీషన్, చీటీ. "మూడుసార్లు నొక్కేదేంది? ఒక్క బటన్‌కే అంతా అయిపోవాల" అన్నాడు ఓనరు.

ఒక మాక్రోలోంచి ఇంకోదాన్ని పిలవాలంటే దాని పేరు రాస్తే చాలు; ముందు ‘కాల్’ పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. గుమాస్తా తూకం చివర ‘కాల్ కమీషన్’ అని రాశాడు. బాగుంది. తూకం వేయకుండా ఎవరైనా కమీషన్ నొక్కితే? ఆ ముందుజాగ్రత్తతో కమీషన్ మొదట్లో ‘కాల్ తూకం’ అనీ రాశాడు. అక్కడ మునిగింది. తూకం కమీషన్‌ని పిలిచె, కమీషన్ తూకాన్ని పిలిచె. పిలిచిన పని ముగిసేదాకా ప్రతి పిలుపూ మెమరీలో ఒకదాని మీద ఒకటి పేరుకుంటూనే ఉంటుంది. ఆ గుట్ట పేరే స్టాక్ (stack). అది కప్పుకు తగలగానే ఎర్రర్ 28: ‘అవుట్ ఆఫ్ స్టాక్ స్పేస్’.

ఓనరు కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "స్టాకుకు చోటు లేదంటా ఉంది! సగం షెడ్డు ఖాళీగా ఉండాదే?" అయినా కంప్యూటర్ మాట కదా. హమాలీలను కేకేసి ఖాళీ క్రేట్లన్నీ బయటికి మోయించాడు.

ఈలోగా గుమాస్తా దారికొచ్చాడు. ‘అంతా’ అని నాలుగో మాక్రో రాసి, మిగతా మూడింటినీ అందులోంచే వరసగా పిలిచాడు. వాటిలో ఏదీ ఇంకోదాని జోలికి పోదు. ఇక్కడితో ఆగితే బాగుండేది. మొత్తాన్ని కమీషన్‌కి అందిస్తే, కోత పోగా మిగిలింది అదే వేరియబుల్‌లో, అంటే ఆ అంకెను దాచిన డబ్బాలోనే, తిరిగొస్తుందని ఆశపడ్డాడు. ఇలా ఏదైనా అందించేటప్పుడు ‘కాల్’ ఉంటే దాని చుట్టూ బ్రాకెట్లు ఉండాలి, ‘కాల్’ తీసేస్తే బ్రాకెట్లూ తీసేయాలి. ఈయన ‘కాల్’ తీసి బ్రాకెట్లు ఉంచాడు. అందించేవి రెండుంటే, మాక్రోలు రాసే ఎడిటర్ ఆ వరసను ఎర్రగా చూపించి అక్కడే ఆపేసేది. ఒక్కటే కావడంతో నోరెత్తలేదు. పేరుకీ బ్రాకెట్‌కీ నడుమ తనంతట తానే ఒక ఖాళీ పెట్టి ఊరుకుంది. ఉన్న హెచ్చరికల్లా ఆ ఖాళీయే, ఎవరి కంటికి ఆనుతుంది? అలా బ్రాకెట్లో పెట్టింది నకలుగానే వెళ్తుంది. కమీషన్ ఆ నకల్లోంచి 1,600 కోసుకుంది. అసలు 40,000 చెక్కుచెదరలేదు.

చీటీ అందుకున్న రైతు రెండుసార్లు చదువుకున్నాడు. "ఈ మిషను బాగుండాది నాయనా, మార్చొద్దండి" అంటూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయట్నుంచి మేస్త్రీ కేక: "సామీ, క్రేట్లన్నీ తీసేసినాం. స్టాకు పట్టిందా?"