తాతగారి ఓడ, మనవడి పతకం

మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే మాటను మనవాళ్లు ఎగతాళికే వాడుకుంటారు గానీ, దాన్ని నియమావళిగా రాసుకుని, పతకం కూడా చేయించుకుని, రెండు శతాబ్దాలకు పైగా నిష్ఠగా పాటిస్తున్న పెద్దమనుషులు అమెరికాలో ఉన్నారు. స్వాతంత్ర్య యుద్ధం ముగుస్తున్న 1783లో సైన్యాధికారులు కలిసి సొసైటీ ఆఫ్ ది సిన్సినాటీ అనే సంఘం పెట్టుకుని, నౌకాదళాధికారులకూ అందులో చోటిచ్చారు. తలా ఒక నెల జీతం చందా వేసుకున్నారు. జార్జ్ వాషింగ్టన్‌ను అధ్యక్షుణ్ణి చేసుకున్నారు. తమ తర్వాత సభ్యత్వం పెద్ద కొడుక్కీ, ఆ పెద్ద కొడుకు పెద్ద కొడుక్కీ దక్కాలని తీర్మానించారు. మగ సంతతి నిలిచిపోతే దాయాదుల్లో యోగ్యుడెవరో చూడాలి. గట్టు తగాదాలలో తలపండిన మన కరణాలు సైతం ఇంత ముందుచూపుతో దస్తావేజు రాసి ఉండరు.

ఇందులో నౌకా వారసత్వ పరిరక్షణ మరీ ముచ్చటైనది. ఆ యుద్ధం చేసిన కాంటినెంటల్ నేవీ, అంటే అమెరికావారి నాటి నౌకాదళం, దాని చివరి నౌక అలయన్స్ 1785లోనే అమ్ముడుపోయింది. ఓడను నిలబెట్టాలంటే తారు పూయించాలి, తెరచాపలు కుట్టించాలి, నావికులకు జీతాలివ్వాలి. వంశవృక్షానికి ఆ ఖర్చేమీ లేదు, వేళకు పెళ్లి చేసుకుంటే చాలు. అందుచేత ఓడలు పోయాయి, వారసులు మిగిలారు.

ఈ పవిత్ర కార్యంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌గారికి మాత్రం భిన్నాలు కనిపించాయి. కొడుకులో తండ్రి పాలు సగమేననీ, మనవడిలో పావేననీ, తొమ్మిది తరాలు గడిచేసరికి అది 512వ వంతుకు దిగుతుందనీ 1784 జనవరిలో ఆయన ఉత్తరం రాశారు. రాసింది కూతురికి, ఆడపిల్ల గనుక ఆవిడకు ఈ లెక్కతో ఎలాగూ పని లేదు. మజ్జిగలో ఎన్ని నీళ్లు పోసినా దాన్ని మజ్జిగనే అంటామన్న సంగతి పాపం ఆయనకు తెలిసినట్టు లేదు.

అసలు చిక్కు ఆ నౌకాదళపు కెప్టెన్ జాన్ పాల్ జోన్స్‌తో వచ్చింది. ఆయన ఈ సంఘ సభ్యుడే, కాని స్కాట్లండ్‌లో ఒక తోటమాలి కొడుకు. పదమూడో ఏట ఓడెక్కారు. ఇంటిపేరులా కనిపించే జోన్స్ కూడా తర్వాత తగిలించుకున్నదే. ప్రవర చెప్పమంటే తెల్లమొహం వేయవలసిన మనిషి. అటువంటివారు 1779 సెప్టెంబరు 23 రాత్రి బోన్‌హోమ్ రిచర్డ్ అనే పాత వర్తక నౌకతో బ్రిటిష్ యుద్ధనౌక సెరాపిస్‌ను లొంగదీసి, తన ఓడ మునిగిపోతుంటే శత్రువు ఓడలోకి మారి వెళ్లిపోయారు. ఇంత చేసి, పెళ్లి చేసుకోకుండానే 1792లో పారిస్‌లో కన్నుమూసి, వారసత్వానికి తీరని ద్రోహం తలపెట్టారు. ఆయనను పాతిపెట్టిన శ్మశానం మీద ఇళ్లు లేచాయి. 1905లో తవ్వి తీసి అమెరికాలోని అనాపొలిస్‌కు చేర్చారు. పెద్ద కొడుకంటూ ఒకడుంటే కనీసం చిరునామా రాసిపెట్టుకునేవాడు.

ఇంకొక్క సంగతి ఉంది. ఆ రాత్రి బోన్‌హోమ్ రిచర్డ్‌లో చేరిన నీళ్లు తోడడానికి పంపులు కొట్టినవాళ్లలో, బందీలుగా పట్టుబడిన బ్రిటిష్ నావికులు కూడా ఉన్నారు. ఓడను అంతసేపు తేల్చింది వాళ్ల రెక్కలే గనుక వాళ్ల పెద్ద మనవలు వచ్చి పతకం అడిగితే కాదనడం కష్టమే. సభ్యత్వం అధికారులకే అని పెద్దలు ముందే రాసిపెట్టడం వల్ల ఆ ఇరకాటం తప్పింది.