నెల్లూరులో రింకు కడితే సరిపోదు

మన సంఘం డబ్బుతో నెల్లూరులో అమ్మాయిలకి ఐస్ హాకీ రింకు, అంటే ఆట ఆడే ఐసు నేల, కట్టాలన్న మాట నడుస్తోంది. ఎండ ఎక్కువ కాబట్టి నెల్లూరులో ఐస్ హాకీ కుదరదనేవాళ్లు ఒకసారి ఇందుకూరుపేట వైపు ఐసు ఫ్యాక్టరీలోకి తొంగి చూడాలి. రొయ్యల పట్టుబడికి దిమ్మలు ఎలా తీస్తున్నారు? అమ్మోనియా ఉప్పునీళ్లని చల్లబరుస్తుంది, అందులో ముంచిన డబ్బాల్లో మంచినీళ్లు గడ్డకడతాయి. రింకు కిందా అంతే. కాంక్రీటులో పరిచిన పైపుల్లో ఉప్పునీళ్లు తిరుగుతుంటే, పైన నీళ్లు పలచటి పొరలుగా పోసి అంగుళం, అంగుళంన్నర మందం తెస్తారు. ఎండ పెద్ద అడ్డం కాదు. 2025లో మన దేశపు అమ్మాయిల జట్టు ఐస్ హాకీ ఆసియా కప్ కాంస్యం గెలిచింది ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో, ఎడారి ఊళ్లో.

మనకి చిక్కల్లా సముద్రపు గాలితోనే. ఆ తేమ ఐసు మీద పేరుకుని బరకగా గడ్డకడుతుంది, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) జారకుండా ఎగిరెగిరి పడుతుంది, హాలంతా పొగమంచు కమ్ముతుంది. తేమ లాగే యంత్రాలు రాత్రింబవళ్లు తిరగాల్సిందే. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు? శిలాఫలకం మీద పేరు పడుతుందంటే మనవాళ్లు చందాలు ఇస్తారు గానీ, నెలనెలా నడపడానికి ఇవ్వరు.

ఆడవాళ్ల హాకీ దెబ్బతిన్నదీ ఇక్కడే. కెనడాలో 2007లో మొదలైన మహిళల లీగులో 2017 దాకా జీతాలే లేవు, 2019లో మూతపడింది. ఇప్పటి ప్రొఫెషనల్ విమెన్స్ హాకీ లీగ్ 2024 జనవరి 1న తొలి మ్యాచ్ ఆడకముందే జీతాల ఒప్పందం రాసుకుంది: ఏడాదికి కనీసం 35,000 డాలర్లు, ప్రతి జట్టులో కనీసం 6గురికి 80,000కి తగ్గకుండా. అప్పుడు 6 జట్లు, 2025–26కి సియాటెల్, వాంకూవర్ చేరి 8 అయ్యాయి.

కాబట్టి సంఘం డబ్బు రింకుకి వద్దు, కోచ్ జీతానికి పెడదాం, కనీసం మూడేళ్లకి. ఆట చక్రాల స్కేట్లతో మొదలుపెట్టొచ్చు. బడిలో బాస్కెట్‌బాల్ కోర్టు ముగ్గురు ముగ్గురు ఆడుకోవడానికి చాలు. హాలు కోసం చేసిన మెత్తటి చక్రాలు మాత్రం పంపకండి, సిమెంటు మీద ఇట్టే అరిగిపోతాయి. బేరింగుల్లో ఇసుక చేరుతుంది, విప్పి తుడవడం పిల్లలకే నేర్పాలి. కర్ర స్కేట్లు తొడుక్కుని నిలబడితే గడ్డం దాకా రావాలి.

ఒక్క తేడా ఉంది. ఐసు బ్లేడు అడ్డంగా తిప్పితే ఐసుని గీరుతూ ఆగుతుంది, చక్రం అలా తేలిగ్గా జారదు. అందుకే చక్రాల మీద నేర్చుకున్న పిల్ల ఐసు ఎక్కిన మొదటి రోజు గోల్ కొట్టే జోలికి పోనివ్వకండి. ఎడమవైపు కాసేపు, కుడివైపు కాసేపు, ఆగడం ఒక్కటే చేయించండి.