బూట్‌లోడర్ గారికి, హబ్సిగూడ నుంచి

మహారాజశ్రీ బూట్‌లోడర్ గారి దివ్య సముఖానికి,

హబ్సిగూడలో మూడు రాత్రులుగా నిద్ర లేని ఒక గృహస్థు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామంటే మీ క్షేమం సంగతి నాకు తెలియదు. కంప్యూటర్ బటన్ నొక్కగానే విండోస్‌ని నిద్రలేపే చిన్న ప్రోగ్రామ్ తమరే. అసలు మీరెక్కడున్నారో తెలియకపోవడం వల్లే కదా ఈ గొడవంతా.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. 2019లో కొన్న నా డెస్క్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కిద్దామని, పనిలో పనిగా ఒక ఎస్‌ఎస్‌డీ, అంటే హార్డ్ డిస్క్ కన్నా వేగంగా నడిచే కొత్తరకం డిస్క్, తెచ్చాను. పాత హార్డ్ డిస్క్ పీకకుండానే పక్కన కొత్తది బిగించి, పెన్‌డ్రైవ్‌తో ఎక్కించేశాను. అదిరిపోయింది. మునుపు కాఫీ కలుపుకొచ్చినా లేవని కంప్యూటర్, ఇప్పుడు స్టవ్ వెలిగించేలోపే లేచి కూర్చుంటోంది. ఆ ఆనందంలో పాత డిస్క్ ఊడదీసి, వరంగల్ నుంచి వచ్చిన బామ్మర్దికి దానం చేశాను.

మర్నాడు బటన్ నొక్కితే నల్లటి తెర. దాని మీద తెల్లగా ఒకటే మాట: నో బూటబుల్ డివైస్. అంటే, లేవడానికి పనికొచ్చే డిస్కే లేదట.

విండోస్ కంటే ముందే లేచే సెట్టింగుల తెర, అదే బయోస్‌లోకి పోయి చూస్తే ఎస్‌ఎస్‌డీ కనిపిస్తూనే ఉంది. పేరుంది, సైజుంది. ఏ డిస్క్ నుంచి లేవాలో చెప్పే బూట్ వరుసలో మాత్రం లేదు. రేషన్ కార్డులో పేరుండీ బియ్యం రానట్టు. నమ్మకమైన ప్రోగ్రామ్‌లనే లేవనిచ్చే కాపలా, సెక్యూర్ బూట్ ఆపాను, మళ్లీ పెట్టాను. రెండో రాత్రి సీఎస్‌ఎం ఆన్ చేశాను. అది పాతకాలం పద్ధతిలో లేపే సెట్టింగ్, జీపీటీ అనే కొత్త పద్ధతిలో విభజించిన డిస్క్ మీది విండోస్ అందులో లేవదని తర్వాత తెలిసింది. మదర్‌బోర్డ్ మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ కూడా పీకి పెట్టాను. గడియారం ఏళ్ల వెనక్కి పోయింది, నేను అక్కడే ఉన్నాను. మా ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, "పాతది నిదానంగానైనా లేచేది" అని ఒక్క మాటని వెళ్లి పడుకుంది.

నాలుగో రోజు సీపీయూని ఒళ్లో పెట్టుకుని మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నడిచాను. ఒక చిన్న షాపు కుర్రాడు మూత కూడా తీయకుండానే అడిగాడు: "ఎక్కించేటప్పుడు పాత డిస్క్ పెట్టే ఉంచిన్రా సార్?"

ఉంచాను తమ్ముడూ అన్నాను.

"అయితే బూట్‌లోడర్ దాంట్లనే కూసున్నది. మీరు ఇల్లు మారిన్రు, వాచ్‌మన్ పాత అపార్ట్‌మెంట్ల పండుకున్నడు."

అయ్యా, ఇదేం న్యాయం? ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నా కీబోర్డ్ ఏ దేశపుదో అడిగారు. నేనున్న చోటు తెలుసుకోవచ్చా అన్నారు, ప్రకటనలు నాకు నచ్చినట్టు చూపించమంటారా అన్నారు. తమరు ఎక్కడ మకాం వేస్తారన్న ముక్క మాత్రం ఎవరూ అడగలేదు. పాత డిస్క్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్, అంటే బూట్‌లోడర్ల కోసం కట్టిన చిన్న గది, అప్పటికే ఉంది కదా అని నేరుగా పోయి అందులో చేరిపోయారు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. నేనేమో తమరున్నారని తెలియక మళ్లీ దాన్ని దానమిచ్చాను.

మీ పెద్దలు ఇలా ఉండేవారు కాదు. 1983లో, విండోస్‌కి ముందు కాలపు పీసీ డాస్ 2.0 నాడు, డిస్క్ మొదటి సెక్టార్‌లోని 512 బైట్లలో డిస్క్ భాగాల పట్టిక అయిన పార్టిషన్ టేబుల్‌కి, చివరి రెండు బైట్ల గుర్తుకి చోటిచ్చి, మిగిలిన 446 బైట్లలో సర్దుకుని కాపురం చేశారు. ఈ ఉత్తరంలో ఒక పేరా కూడా పట్టని చోటు అది! తమరికి 100 ఎంబీ గది కావాలి. పైగా డ్రైవ్ అక్షరం లేకుండా, ఎవరికీ కనబడకుండా.

"ఆ డిస్క్ తెచ్చి పెడితే ఇప్పుడే లేస్తది సార్" అన్నాడు కుర్రాడు. బామ్మర్దికి ఫోన్ కొట్టాను. "అయ్యో బావా, ఖాళీ చేసే ఇచ్చావనుకున్నా. నిన్ననే ఫార్మాట్ కొట్టి పెళ్లి వీడియోలు నింపాను" అన్నాడు. తమరు పోయారనే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త సంతోషం కూడా కలిగింది.

కుర్రాడు ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్‌తో లేపి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి, ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ తెరిచాడు. డిస్క్‌ని భాగాలు చేసే డిస్క్‌పార్ట్‌తో విండోస్ పార్టిషన్‌లో కొంచెం తగ్గించి, ఆ జాగాలో 100 ఎంబీ ఈఎఫ్ఐ గది కట్టి, ఫ్యాట్32 ఫార్మాట్ అనే సున్నం వేసి, ఎస్ అనే డ్రైవ్ అక్షరాన్ని నంబర్ ప్లేట్‌లా తగిలించాడు. "అక్షరాలు చూసుకోవాలె సార్, మీ ఇంట్ల సీ ఇక్కడ డీ అయితది" అంటూనే బూట్‌లోడర్‌ని కొత్తగా రాసే బీసీడీబూట్ అని ఒకే ఒక్క లైను కొట్టాడు. విండోస్ ఫోల్డర్ ఇదీ, నీ గది అదీ అని చెప్పినట్టు. మూడు రాత్రుల పని ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. నేనింత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు కంప్యూటర్ లేస్తోంది. తమరి కొత్త అవతారం సొంతింట్లోనే కొలువై ఉంది.

ఇందాక బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, నీ డిస్క్‌లో 100 ఎంబీ ముక్క ఒకటి అట్లనే ఉంది. ఫార్మాట్‌కి పోలేదు, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో రైట్ క్లిక్ చేస్తే డిలీట్ కూడా రావట్లేదు. ఏంటది?"

ఏం చెప్పమంటారు?

ఇట్లు,
తమ మాజీ యజమాని