జెండాలు కావలెను

మన విశాఖ ఋషికొండ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో టీముకీ టీముకీ మధ్య మాటల్లేవని, అందుకే అందరికీ టెన్షన్లూ బీపీలూ వస్తున్నాయని కొందరు పెద్దలు బాధపడుతున్నారు. ఇది అన్యాయం. మాటల్లేకపోవడమేమిటి? ఒక్కరోజు సెలవు పెట్టి వచ్చేసరికి నా ఇన్‌బాక్స్‌లో 118 మెయిళ్లున్నాయి.

మాటలకేం కరువు లేదు. విషయమే సింహాద్రి అప్పన్నలా చందనం మాటున ఉంటోంది. స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కరోజు, అక్షయ తృతీయనాడు. మా ఆఫీసులోనూ ఇంచుమించు ఆ రోజుల్లోనే, అప్రైజల్ గదిలో, అవతలివాళ్ల మనసులో మాట దర్శనమిస్తుంది. మిగతా పదకొండు నెలలూ పూతే. 'జెంటిల్ రిమైండర్' అని వస్తే మూడోసారి చెబుతున్నారని తెలుసుకోవాలి. 'యాజ్ పర్ మై లాస్ట్ మెయిల్' అన్నారంటే మనకి చదువొచ్చా అని అడుగుతున్నట్టు. ఇక మేనేజర్ని సీసీలో పెట్టడం, కోడి పక్కింటి పెరట్లో గింజలు తిన్నందుకు ఊరి పెద్దల్ని పిలిపించడం లాంటిది.

ఈ భాష నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఒక్క మాట మాత్రం ఇప్పటికీ కొరుకుడు పడలేదు. 'నోటెడ్'.

మొన్నామధ్య మా సపోర్ట్ నుంచి డెవలప్‌మెంట్‌కి, 'గురువారం రిలీజ్ అని క్లయింటుకి చెప్పేయమంటారా?' అని మెయిల్ వెళ్లింది. 'నోటెడ్' అని జవాబొచ్చింది. మేం దాన్ని 'సరే' అనుకున్నాం. వాళ్ల ఉద్దేశం 'మీరడిగిన సంగతి తెలిసింది' అనిట. గురువారం వచ్చింది, రిలీజ్ రాలేదు, క్లయింటు వచ్చాడు. ఆ రాత్రి 34 మెయిళ్లు నడిచాయి, ఒకదాన్ని మించిన మర్యాద మరోదాంట్లో. ఆఫీసులో మర్యాద పెరిగిందంటే గొడవ ముదిరిందని లెక్క.

చిత్రమేమిటంటే, ఆ లీడ్లిద్దరూ కూర్చునేది ఒకే అద్దం గోడకి అటొకరు, ఇటొకరు. బుధవారం సాయంత్రం కూడా కింద బండి దగ్గర నా ఎదురుగానే టీ తాగారు.

"ఏటి గురూ, హనుమంతవాక దగ్గర మళ్లీ జామా?" అన్నాడొకడు.

"నలభై నిమిషాలు, బాబోయ్" అన్నాడు రెండోవాడు.

ఒకే సమోసా చెరిసగం తిన్నారు. రిలీజ్ మాట ఎత్తలేదు. అది అఫీషియల్ కదా, టీ బండి దగ్గర మాట్లాడేస్తే ఎలా?

యాజమాన్యం చూస్తూ ఊరుకోలేదు. మా రెండు టీములూ కలిపి పది మందిమి. మమ్మల్ని కలపడానికి ఇంకో పది మంది కోఆర్డినేటర్లని వేసింది. పది మందిలో ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 45. ఇరవై మందైతే 90 కాదు, 190. అపార్థాలకి దారులు బాగా వెడల్పయ్యాయి.

ఊళ్లో పోర్టు పెట్టుకుని మనమిలా ఏడవడం సిగ్గుచేటు. ఓడ మీద కెప్టెన్ చుక్కాని పది డిగ్రీలు తిప్పమంటే, చుక్కాని పట్టినవాడు 'నోటెడ్' అనడు. ఆ మాటనే తిరిగి పలుకుతాడు, తిప్పుతాడు, తిప్పాక తిప్పానని చెబుతాడు. ఓడకీ ఓడకీ మధ్యయితే జెండాలున్నాయి, ఇంగ్లీషు అక్షరానికొకటి చొప్పున 26. నిలువునా సగం పసుపు, సగం నీలం ఉన్నది 'కె': మీతో మాట్లాడాలి. తెల్లగుడ్డ మీద నీలం ప్లస్ గుర్తుంటే 'ఎక్స్': చేస్తున్న పని ఆపి నా సైగలు చూడండి. అడ్డంగా పసుపు, నీలం, పసుపు పట్టీలుంటే 'డి': నాకు దూరంగా ఉండండి, తిరగడానికే అవస్థ పడుతున్నాను. డెవలప్‌మెంట్ వాళ్ల బతుకుని ఇంత క్లుప్తంగా ఇంకెవరూ చెప్పలేదు.

అందుచేత సీటుకో జెండాకర్ర ఇప్పించమని పైకి రాశాను. ఆశ్చర్యం, ఒప్పుకున్నారు. ఎవరికేం కావాలో ఇండెంట్ పెట్టమన్నారు.

నిన్న సాయంత్రం లిస్టు నా చేతికొచ్చింది. డెవలప్‌మెంట్: 'డి' 6, 'ఎక్స్' 6. కోఆర్డినేటర్లు: 'డి' 10. సపోర్ట్: 'డి' 4, అందులో ఒకటి నాది. 'కె' గడిలో మూడు చోట్లా అడ్డగీత.