ములాఖత్ గురించి ముందే చెప్పేవాళ్లేరి?

2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఉన్నప్పుడు ‘ములాఖత్’ (జైల్లో ఉన్నవాళ్లను కలవడం) మాట ఇంటింటా టీవీల్లో మోగింది. ఎవరు కలిశారో, ఎంతసేపు మాట్లాడారో అందరికీ తెలిసింది. కొడుకు రిమాండ్‌కి వెళ్లిన కూలి తల్లికి మాత్రం ఏ కాగితం పట్టుకెళ్లాలో చెప్పే దిక్కుండదు.

మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలేనని జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 లెక్కలు చెబుతున్నాయి. అంటే గేటు బయట నిలబడేవాళ్లలో ఎక్కువమంది, ఇంకా నేరం రుజువు కాని మనిషి కోసం వచ్చినవాళ్లే. అయినా తలదించుకునే నిలబడతారు. వాళ్లకి భయం కంటే సిగ్గు ఎక్కువ, అందుకే ఏదీ అడగరు. ములాఖత్ ఎవరి దయా కాదు. నిర్బంధంలో ఉన్న మనిషికి నెలకు ఒక్కసారే కుటుంబాన్ని కలిసే వీలిచ్చిన నిబంధనను ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో 1981లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినవాళ్లను కలవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమంది.

రిమాండ్ పడిన రోజే జైలు పేరు, ములాఖత్ రోజులు, తేవాల్సినవి రాసిన అరపేజీ కాగితం ఇంటివాళ్ల చేతికివ్వడం ప్రభుత్వానికి పెద్ద పనేం కాదు. అది లేదు కాబట్టి మనమే కనుక్కోవాలి. ఖైదీ పూర్తి పేరు, తండ్రి పేరు, కేసు నంబరు, మన ఆధార్ దగ్గరుండాలి. ఈ-ములాఖత్ వెబ్‌సైట్ ఉంది గానీ, బయల్దేరే ముందు జైలుకి ఫోన్ చేసుకోవడమే నయం. వండిన కూర డబ్బా మోసుకెళ్లొద్దు, ఇంటి భోజనానికి అప్పట్లో మాజీ ముఖ్యమంత్రిగా ఉన్న చంద్రబాబుకే కోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. సెల్‌ఫోన్ బయటే వదలాలి. మందులుంటే చీటీతో సహా సిబ్బందికి చూపించాలి.

దొరికేది కాసేపే. అందులో సగం ఏడుపుకే పోతుంది, పోనివ్వండి. మిగతా సగంలో అడగాల్సినవి అడగాలి: లాయరున్నాడా, వాయిదా ఎప్పుడు, ఒంట్లో ఎలా ఉంది? లాయరు లేకపోతే 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేయొచ్చు. బెయిల్ వచ్చినా డబ్బు కట్టలేక లోపలే మిగిలిపోయిన పేద విచారణ ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచి ఉంది. దాని గురించి జైలు ఆఫీసులోనో, జిల్లా న్యాయసేవాధికార సంస్థలోనో అడగాలి.