చల్లబరిచే బల్ల కొన్నారు మా ఆయన, అందరూ చప్పట్లు కొట్టండి

బెంజి సర్కిల్ దాకా వెళ్ళి డైనింగ్ టేబుల్ చూసొస్తానన్న మనిషి పదివేలు అడ్వాన్సు కట్టి వచ్చారు. టేబుల్ ఖరీదు ఎనభై ఐదు వేలు. ఎందుకండీ అంత అంటే, "మామూలు టేబుల్ కాదే ఇది, గదిలో వేడి పీల్చేస్తుంది, ఏసీ బిల్లు సగం" అట! రసీదు మీద కూడా రాశాడండోయ్, 'కూలింగ్ టేబుల్' అని.

షాపువాడికి ఫోన్ చేశా. "లోపల మైనం లాంటిది ఉంటుంది మేడమ్. 22 డిగ్రీలు దాటితే కరుగుతూ వేడి లాక్కుంటుంది. చల్లబడితే గడ్డకట్టి వదిలేస్తుంది. ఫ్రాన్సు టెక్నాలజీ."

అబద్ధమేం కాదు. ఫ్రాన్సులో నిజంగానే చేశారు అలాంటి బల్ల. పైన ఓక్ చెక్క, కింద అల్యూమినియం, మధ్యలో ఈ కరిగే సరుకు. వాళ్ళకి రాత్రి చల్లబడుతుంది కాబట్టి అది గడ్డకట్టి, తెల్లారి మళ్ళీ పనిలోకి దిగుతుంది. బాబూ, ఇది బెజవాడ! రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊరు. మే నెల అర్ధరాత్రి 30కి దిగితే దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుంటాం. శివరాత్రికి కరిగిన మైనం మళ్ళీ గడ్డకట్టాలంటే ధనుర్మాసం రావాలి. అందాకా అదీ మనలాగే చెమటలు కక్కుతూ కూర్చుంటుంది.

"మరి ఇక్కడ గడ్డకట్టేదెప్పుడయ్యా?" అన్నా. "రాత్రి ఏసీ వేస్తారుగా మేడమ్!"

చదివారా? ఏసీ ఖర్చు తగ్గించే టేబుల్‌కి ఏసీ వేయాలి. అదీ 24లో పెడితే కుదరదు, అది కరిగేదే 22కి కదా! ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు ఆదా అని ఊరంతా చెబుతుంటే, నేను టేబులమ్మ నిద్రపోవాలని 20లో పెట్టాలి. ఇంటర్ చదివే మావాడు లెక్కకట్టి చెప్పాడు, ఐదు కిలోల మైనం పూర్తిగా కరిగి లాగే వేడిని మన టన్నున్నర ఏసీ మూడు నిమిషాల్లో లాగేస్తుందట. ఎనభై ఐదు వేలకి మూడు నిమిషాలు!

నా మంట టేబుల్ గురించి కాదులెండి. మా అమ్మ తెనాలి నుంచి సారెలో పంపిన నులక మంచం ఉండేది. సాయంత్రం డాబా మీద నీళ్ళు చిలకరించి వాల్చుకుంటే, కింద నుంచి గాలి నులకలోంచి వీపుకి తగిలేది. కరెంటూ లేదు, మైనమూ లేదు. ఈ ఫ్లాట్ గృహప్రవేశం నాడు మా ఆడపడుచు, "ఇదేంటి వదినా, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అని పాత సామాన్లవాడికి ఇప్పించేసింది. మూడొందలకి! ఈయన పక్కనే నిలబడి నోరు మెదపలేదు. బదులుగా రెక్సిన్ సోఫా వచ్చింది, కూర్చుంటే లేచేటప్పుడు చర్మం ఊడొస్తుంది. 2017లో ఆస్ట్రేలియాలో ఒకాయన అలాంటి మంచమే 990 డాలర్లకి అమ్మకానికి పెట్టాడని వార్తొస్తే, ఇదే ఆడపడుచు నాకే ఫార్వర్డ్ చేసింది. "భలే ఉంది కదా వదినా" అట.

పదివేలు వెనక్కివ్వరట. సోమవారం టేబుల్ దిగుతుంది. వన్‌టౌన్‌లో నులక మంచం అల్లేవాళ్ళెవరైనా తెలిస్తే ఇన్‌బాక్స్‌లో చెప్పండి. రసీదు మీద 'కూలింగ్ మంచం' అని రాయించి ఈయన చేతిలో పెడతా.